సార్ నేర్పిన చలికాలం

మా టైపు సార్ పోయారు. పోయిన వారం, రోహిణి కార్తె ఎండ మండిపోతున్న మధ్యాహ్నం పూట, నాంపల్లిలో ఇంటికి దగ్గరున్న దవాఖానాలో కన్నుమూశారు. పేపర్లో వేసేంత పెద్దమనిషి కాదు కాబట్టి ఎవరూ వేయలేదు. ఆబిడ్స్‌లో మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన దగ్గర వేళ్లు అరగదీసుకున్నవాళ్లు ఈ ఊరి ఆఫీసుల నిండా ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరికైనా తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. పక్షవాతం వచ్చి పడిపోయాక సార్‌కు తెలుగు పోయింది, ఉర్దూ పోయింది. నోట మిగిలింది స్వీడిష్ ఒక్కటే. డాక్టర్లు సంధి ప్రేలాపన అన్నారు. నలభై ఏళ్లు కాపురం చేసిన భార్య మంచం పక్కనే కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాక, నాకు కబురు పెట్టారు.

"ఏమంటున్నడో జర విని చెప్పు బిడ్డా. నాతోని ఏమన్న అంటున్నడేమో!"

ఈ ఊళ్లో ఆ భాష తెలిసింది ఆయన తర్వాత నాకే మరి.

సార్‌కు స్వీడిష్ ఎక్కడిదంటారా? నిజాం కాలంలో, పెళ్లయిన కొత్తలో, ఒక అగ్గిపెట్టెల కంపెనీవాళ్లు మిషన్ల పని నేర్చుకు రమ్మని ఆయన్ని ఆ దేశం పంపారు. ఆకులు రాలే రోజుల్లో దిగారు. మంచు కరగకముందే తండ్రి పోయారని కబురొస్తే తిరిగొచ్చేశారు. మళ్లీ వెళ్లలేదు. ఆ కంపెనీ వదిలేశాక టైపు మిషన్ల ముందు కూర్చుని బతుకు వెళ్లదీశారు.

ఇక నా సంగతి. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు నాన్న ఉద్యోగంతో పాటు గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో కిరాయికి దిగినవాళ్లం. ఆ మాత్రం దూరానికే సముద్రం దాటినట్టు ఏడ్చింది మా అమ్మ. నేను నర్సు ట్రైనింగు ముగించాక, స్వీడన్ ఆస్పత్రుల్లో నర్సులను తీసుకుంటున్నారని విని దరఖాస్తు పెడతానంటే ఆవిడ అన్నం మానేసింది. నేనూ మొండిదాన్నే. దరఖాస్తు టైపు చేయించడానికి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాను. కాగితం మీద ఆ దేశం పేరు చూసి సార్ మిషన్ ఆపేశారు.

"ఆళ్ల మాట వస్తదా నీకు?"

"రాదండీ."

"మరి ఆడికి పోయి మూగదాని తీరు నిలబడ్తవా? సాయంత్రం రా. నాకొచ్చిన కాడికి చెప్త."

వచ్చిన కాడికి అంటే ఏమిటో నాలుగు పాఠాలయ్యాక గానీ తెలియలేదు. నొప్పి ఎక్కడ, మందు మింగారా, జ్వరం తగ్గిందా లాంటివి నేర్పండి సార్ అంటే తల అడ్డంగా ఊపారు. "గవ్వి నాకెరుక లేవమ్మా. నేను ఆడ చూసింది సలికాలం ఒక్కటే. నాకొచ్చింది గదే." నా ముఖం చూసి మళ్లీ ఆయనే, "ఫికర్ చెయ్యకు. ఆడ ఎవరెదురైనా ముందుగాల ఆకాశం దిక్కు చూసి ఒక మాటంటరు. గదే ఆళ్ల నమస్తే" అన్నారు.

అలా మొదలైంది. 'దే స్నోఅర్' అంటే మంచు పడుతోంది. అందులో 'దే' అంటే 'అది'.

"ఏది సార్ ఆ అది?"

"ఏదీ కాదు."

"ఏదీ కాకపోతే మంచు కురిపిస్తున్నదెవరు?"

"ఎవ్వరు కాదమ్మా. మనకు వానొస్తది, సలొస్తది, సుట్టాల లెక్క. ఆళ్లకు ఎవ్వరూ రారు. ఊకె 'అది', అంతే."

ఆ దేశంలో ఎంత ఒంటరిగా గడిపారో నాకు అప్పుడే కొంచెం తెలిసింది.

నాకు అన్నీ మంచే. పొద్దున్న కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, ఆకాశంలోంచి రాలేదీ మంచే. వాళ్లకు దేని పేరు దానికే ఉంది. నేను అన్నీ కలిపేస్తుంటే విసుగొచ్చి ఒకరోజు మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయారు. ఐస్‌క్రీం దుకాణంలో డబ్బా అంచున తెల్లగా పేరుకున్నదాన్ని గోటితో గీకి చూపించి, "గిది ఫ్రోస్ట్. గిట్ల పట్టుకుంటది. పడేది వేరు, గడ్డ కట్టేది వేరు" అన్నారు. దుకాణంవాడు మా ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత నేను పొరపాటు పడలేదు.

పడ్డ పొరపాటు ఇంకొకటుంది. "దే ఎ హల్కా ఊతె" అన్నారు ఒకసారి, అర్థం చెప్పమని. బయట ఏదో ఉందని తెలుస్తోంది. హైదరాబాదులో ఇన్నేళ్లు బతికినదాన్ని, ఉర్దూలో హల్కా అంటే నాకు తెలీదా! "బయట తేలిగ్గా ఉంది" అన్నాను ధీమాగా. సార్ నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ భాషలో హల్కా అంటే నేల గడ్డకట్టి కాలు జారడం!

"నేను గూడ గట్లనే అనుకున్ననమ్మా. కిరాయిల్లు గలామె బయట హల్కా అని చెప్తే, మంచిదే గదా అని బయటికి దిగిన. మెట్ల మీంచి జారి నడుం ఇరగ్గొట్టుకున్న."

తన పొరపాటు ఇంకొకరు కూడా చేశారని ఆయన ముఖంలో ఎంత సంతోషమో! నలుగురికి చెప్పి నవ్వుకునే కథే గానీ, ఆ రెండు భాషలూ తెలిసినవాళ్లెవరూ లేక అన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నారు పాపం.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. మా అమ్మ అన్నం తింది. నేను ఇక్కడే ఒక ఆస్పత్రిలో చేరిపోయాను. ఆ సంగతి చెబితే సార్ "గట్లనా" అన్నారు. మిషన్‌లోకి కాగితం ఎక్కిస్తూ, "అయితే రేపటి సంది రావా?" అన్నారు. ఆ గొంతు విన్నాక ఎలా మానేస్తాను? వీలైనప్పుడల్లా వెళ్తూనే ఉన్నాను. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఎదురైతే మఫ్లరు చుట్టుకున్న సార్ జనంలోంచే గొంతెత్తి చలిగా ఉందని స్వీడిష్‌లో కేకేసేవారు, నేనూ అంతే గట్టిగా అవునవుననేదాన్ని. చూసేవాళ్లు మాకు మతి చలించిందనుకుని ఉంటారు. అనుకోనీ.

దవాఖానాలో నన్ను గుర్తుపట్టారు. మంచం మీద ఒక పక్క చచ్చుబడి, రెండో చేతిని పైకెత్తి, మంచు పడుతోందన్నారు. నేను జవాబిచ్చాను. బయట కాలు జారుతుంది, చూసి నడవమన్నారు. సరే సార్ అన్నాను. భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మంచు గురించా?" అన్నారావిడ. "గంతేనా?"

"అంతేనమ్మా."

ఆవిడ ముఖం చూడలేకపోయాను. నాకు సార్ మీద కోపం కూడా వచ్చింది. ఇంత చలికాలం నేర్చుకున్నవారు, పక్కనున్న మనిషితో అనడానికి ఒక్క మాట నేర్చుకోకపోయారే అని. డ్యూటీకి వేళయి వెళ్లిపోయాను. ఆ మధ్యాహ్నమే పోయారు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లేసరికి ఆవిడ వరండాలో కూర్చుని పెదవులు కదుపుతున్నారు. జపమేమో అనుకున్నాను. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు పోయినంక ఒక్క మాట అన్నడు బిడ్డా. నా దిక్కు చూసి అన్నడు, మల్ల మల్ల అన్నడు. మర్చిపోతనేమోనని నిన్నటి సంది అనుకుంటనే ఉన్న. 'ఫిరీసెర్దూ' అన్నడు. ఏందది?"

ఫ్రీసెర్ దూ. ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాను.

"నీకు చలేస్తోందా అని అడిగారమ్మా."

"ఎవర్ని?"

"అప్పుడు గదిలో ఎవరున్నారు?"

"నేనొక్కదాన్నే."

"అయితే మిమ్మల్నే. దూ అంటే నువ్వు. సార్ వెళ్లిన రోజుల్లో అక్కడ పరాయివాళ్లను అలా అనేవారు కాదట, ఇంట్లోవాళ్లనే అనేవారట."

"గా యేడు సలికాలం ఆయన ఆడ, నేను గీడ," అన్నారావిడ. "కొత్త కోడల్ని. ఉత్తరం రాసినప్పుడల్ల ఆడి సలి ముచ్చటే. నీకు సలి పెడ్తుందా అని ఒక్కసారన్న అడగలే." కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగారు. "అడిగినప్పుడు జవాబియ్యకపోతి గదా. ఏమనాలె?"

"యా, లీతే. అంటే అవును, కొంచెం అని."

నాలుక తిరగక రెండుసార్లు తడబడ్డారు. నేను దిద్దాను. బయట వడగాలి కొడుతోంది. ఆవిడ నుదుటి మీంచి చెమట కారుతోంది. కొంగు తీసి రెండు భుజాల చుట్టూ గట్టిగా కప్పుకున్నారు.

"యా," అన్నారు మెల్లగా. "లీతే."