బల్ల దగ్గర చెయ్యి అందించినాయన

రాజమండ్రిలో శ్మశానానికి వెళ్ళే దారిలోనే మా స్టీలు సామాన్ల కొట్టు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఆ కొట్టులో కూర్చుని, ముందు నుంచి పాడెలు వెళుతుంటే గిన్నెలు తూచి ఇచ్చినదాన్ని. పక్క కొట్టువాళ్ళు అమావాస్యకి గుమ్మానికి నిమ్మకాయ కడితే, పులిహోరకి పనికొచ్చే కాయ పాడైపోతోందే అనుకునేదాన్ని. ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే సగంలో ఆపేసి బేరం మాట్లాడమనేదాన్ని.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. దీన్ని దెయ్యం అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. మరి ఏమనాలో కూడా తెలియదు.

మా అత్తగారికి అప్పుడు ఎనభై మూడేళ్ళు. ఆవిడ పుట్టిల్లు పోలవరానికి ఎగువన, గోదావరి ఒడ్డునే, కొండల మధ్య ఉన్న చిన్న ఊరు. వాళ్ళ నాన్నగారు అక్కడ చింతపండు, కుంకుడుకాయలు, చీపుళ్ళు కొని లాంచీల మీద రాజమండ్రి పంపే వ్యాపారం చేసేవారు. ఆ రోజుల్లో ఆ ఊరికి రోడ్డు లేదు. పెళ్ళి వాళ్ళైనా, పురిటికి వెళ్ళే వాళ్ళైనా, జబ్బు చేసిన వాళ్ళైనా లాంచీ ఎక్కాల్సిందే.

తర్వాత రోడ్లు పడ్డాయి, లాంచీలు ఆగిపోయాయి. ప్రాజెక్టు కోసం ఆ ఊరిని ఖాళీ చేయించారు. అప్పటికి అత్తగారి తాలూకు వాళ్ళెవరూ అక్కడ లేరు. అయినా ఊరు నీళ్ళలోకి పోతోందని తెలిసిన రోజు ఆవిడ అన్నం ముందు కూర్చుని, కలుపుకుని, తినకుండానే లేచిపోయారు.

ఆ ఊరి మీదుగా ఒక్కసారి బోటులో వెళ్ళొద్దామని ప్రతి కార్తీకంలోనూ అడిగేవారు. ఆవిడకి మోకాళ్ళు సరిగా పనిచెయ్యవు. బోటులోకి చెక్కబల్ల మీద నడిచి ఎక్కాలి. ఏదైనా అయితే ఎవరు సమాధానం చెబుతారని మావారు వద్దనేవారు. ఆ ఏడాది మాత్రం అత్తగారు అడిగిన తీరు వేరుగా ఉంది.

"వచ్చే కార్తీకానికి అడగడానికి ఉంటానో లేదో అమ్మాయ్" అన్నారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, నా మొహం చూడకుండా.

మర్నాడే టిక్కెట్లు తీసుకున్నాను. మావారు కొట్టు వదిలి రాలేనన్నారు. మా అమ్మాయి కూతురు చిన్ని సెలవులకి మా దగ్గరే ఉంది. నాలుగేళ్ళది. దాన్నీ వెంటబెట్టుకుని ముగ్గురం బయలుదేరాం.

ఇప్పుడు డ్యాం పని వల్ల బోట్లు ఎగువ రేవు నుంచే కదులుతాయి. రాజమండ్రి నుంచి బస్సులో తీసుకెళ్ళి ఎక్కిస్తారు. దారిలో గోదావరి మధ్యలో పట్టిసీమ గుడి కనిపించగానే అత్తగారు కిటికీలోంచే దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత రేవు వచ్చేదాకా కిటికీ ఊచని వదల్లేదు. భయపడుతున్నారేమో, వెనక్కి తీసుకెళ్ళిపోదామా అని కూడా అనుకున్నాను.

రేవులో ఒడ్డుకీ బోటుకీ మధ్య ఒక పొడవాటి బల్ల వేసి ఉంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. బోటు వాళ్ళు ఇద్దరూ లోపల తాళ్ళు విప్పడంలోనూ, ఇంజను దగ్గరా ఉన్నారు. నేను ముందు వెళ్ళి సంచులు పెట్టేసి, వెనక్కి వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుందామనుకున్నాను. చిన్నిని కదలకుండా తాతమ్మ కొంగు పట్టుకుని నిలబడమని చెప్పాను.

సంచులు కుర్చీలో పెట్టి తిరిగేసరికి ఇద్దరూ బోటులో నా వెనకే ఉన్నారు.

మా ఇంట్లో గడప దాటడానికే ఆవిడకి నా భుజం కావాలి. ఎలా వచ్చారని అడిగాను. నడిచే వచ్చానని అన్నారు. ఆవిడ మొహం ఎర్రబడి ఉంది. ఎవరో బాగా తెలిసినవాళ్ళు దారిలో ఎదురుపడి పలకరించినట్టు, ఆ సంతోషం దాచుకుంటున్నట్టు ఉంది.

చిన్ని మాత్రం నా చీర లాగి, ఆ తాత తనకి జడ ఎందుకు లేదని అడిగాడని చెప్పింది. దానికి బాబ్ కటింగ్. ప్రయాణికుల్లో ఎవరో ముచ్చటకి అడిగి ఉంటారనుకుని వదిలేశాను.

బోటు కదిలింది. రెండంతస్తుల బోటు. బయలుదేరిన కాసేపటికే జనం వయసుల వారీగా విడిపోయారు. పైన డీజే పెట్టారు కాబట్టి కాలేజీ పిల్లలు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు పైకెక్కేశారు. కింద ముసలివాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. పసిపిల్లలు వాళ్ళ కాళ్ళ దగ్గర ఆడుకుంటున్నారు. మధ్యవయసు వాళ్ళం టిఫిను ప్లేట్లు పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నాం.

అత్తగారు అది చూసి నవ్వుకున్నారు. వాళ్ళ లాంచీలో ఇలా ఉండేది కాదట. బాలింతరాలి పక్కన పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు పక్కన కోళ్ళ గంప, గంప మీద చెయ్యేసి నిద్రపోయే ముసలమ్మ. ఎవరి పిల్లలో ఎవరి ఒళ్ళో పడుకునేవారట. రాజమండ్రి చేరేసరికి ఒకళ్ళ బంధువులు ఇంకొకళ్ళకి బంధువులైపోయేవారట.

కొంతసేపటికి గైడు కుర్రాడు మైకు పట్టుకుని కిందకి వచ్చాడు. బోటులో అందరికంటే పెద్దవాళ్ళకీ, చిన్నవాళ్ళకీ బహుమతి ఇస్తానన్నాడు. చిన్నవాళ్ళలో ఒక నెలల పిల్లాడు గెలిచాడు. పెద్దవాళ్ళలో మా అత్తగారినీ తణుకు నుంచి వచ్చిన ఒక పెద్దాయననీ నిలబెట్టారు. ఆయన రిటైరైన టీచరట, కొడుకు కుటుంబంతో వచ్చారు. మా అత్తగారి కంటే ఆయన రెండేళ్ళు పెద్ద. బహుమతిగా ఒక టోపీ ఇచ్చి రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆయన మైకు తీసుకుని అన్న మాటలు నాకు బాగా గుర్తు.

"ఈ టోపీ నాకెందుకండి. పొద్దున్న బల్ల దగ్గర నాకు చెయ్యి అందించినాయనకి ఇవ్వండి. ఈ రోజుల్లో అంత మర్యాద ఎవరికుందండి."

గైడు ఎవరండీ అని అడిగాడు. తలకి తువ్వాలు చుట్టుకున్నాయన, గళ్ళ లుంగీ, చొక్కా లేదు అని పెద్దాయన చెప్పారు. గైడు నవ్వి, మా స్టాఫంతా టీషర్టులండి, లుంగీలు ఎవరూ కట్టరండి అన్నాడు.

అప్పుడు వెనక కుర్చీలో ఉన్న ఒక ముసలమ్మగారు, వాళ్ళది భీమవరం అనుకుంటాను, నాకూ ఆయనే చెయ్యి అందించాడండి అన్నారు. ఆవిడ కోడలు వెంటనే, నేను మీ వెనకే ఉన్నాను కదండీ, అక్కడెవరూ లేరండి అంది. పెద్దాయన కొడుకు కూడా అదే మాట అన్నాడు. తండ్రి తనంతట తనే నడిచి వచ్చాడని, తను వెనక నుంచి వీడియో కూడా తీస్తున్నానని అన్నాడు.

కింద కూర్చున్న పిల్లల్లో ఇద్దరు ముగ్గురు, అసలు ఒకళ్ళకొకళ్ళు తెలియనివాళ్ళు, తువ్వాలు తాత, తువ్వాలు తాత అని తలలూపారు. చిన్ని కూడా ఊపింది.

ముసలివాళ్ళు చూశామంటున్నారు. పసివాళ్ళు చూశామంటున్నారు. మధ్యలో ఉన్న ఇంతమందిమి, బల్ల మీద వాళ్ళ ముందూ వెనకా నడిచినవాళ్ళం, ఎవరమూ చూడలేదు. అందరూ నవ్వేశారు. గైడు పాట పెట్టాడు. నేనూ నవ్వాను. కానీ అత్తగారి వైపు చూసేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఆ తర్వాత ఆవిడ నాకు చెప్పింది ఇది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళ వయసులో, వాళ్ళ ఊరి రేవులో బల్ల మీద నుంచి జారి గోదావరిలో పడిపోయారట. వర్షాకాలం, నీళ్ళు ఎర్రగా ఉన్నాయట. లాంచీలో పనిచేసే నూకయ్య అనే కళాసీ వంగి, జడ పట్టుకుని పైకి లాగాడట. తన తువ్వాలుతోనే తల తుడిచి, ఇంజను గది పక్కన కూర్చోబెట్టి బట్టలు ఆరేదాకా ఉంచాడట. నాన్నకి తెలిస్తే ఇంక లాంచీ ఎక్కనివ్వడని ఎవరికీ చెప్పొద్దని ఈవిడ బతిమాలారట. అతను ఎవరికీ చెప్పలేదు. ఈవిడా చెప్పలేదు. అదే అలవాటైపోయింది.

అప్పటి నుంచి ఈవిడ రేవులోకి వస్తే చాలు, జడమ్మ వచ్చిందని నూకయ్య చెయ్యి చాపేవాడట. అతనికి ఒక పద్ధతి ఉండేదట. ముందు ముసలివాళ్ళని చెయ్యి పట్టి ఎక్కించేవాడు. తర్వాత పిల్లల్ని. మిగిలినవాళ్ళతో మాత్రం మీకు కాళ్ళున్నాయి కదా, మీరే రండి అనేవాడట.

"పెళ్ళయ్యాక మొదటిసారి లాంచీ ఎక్కినప్పుడు అలవాటుగా చెయ్యి చాపాను అమ్మాయ్. నూకయ్య నవ్వి, ఇంక మీరు పెద్దవారయ్యారండి, మీరే రావాలి అన్నాడు. మళ్ళీ ముసలమ్మగారయ్యాక అప్పుడు చూద్దాం అన్నాడు."

ఆ మాట చెప్పి ఆవిడ నీళ్ళ వైపు తిరిగారు. నేను లెక్కేసుకున్నాను. ఆ మనిషి ఇప్పుడు ఉండి ఉంటే నూరేళ్ళు ఎప్పుడో దాటిపోయి ఉండాలి.

ఇంకాసేపటికి అత్తగారు లేచి నిలబడి, ఇదే అన్నారు. నాకు కొండ, నీళ్ళు, నీళ్ళలో నుంచి పైకి లేచిన కొన్ని తాడిచెట్ల తలలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆవిడ మాత్రం వేలితో చూపిస్తూ వాళ్ళ గోడౌను, బడి, చేపలు ఎండబెట్టే ఇసక, మేనత్తగారి ఇల్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చారు. చిన్ని అన్నిటికీ ఊ కొట్టింది. బోటు మలుపు తిరిగాక కూర్చుని, తెచ్చుకున్న పులిహోర పొట్లం తనే విప్పి తిన్నారు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు ఆవిడ.

తిరిగి రేవుకి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అసలు సంగతి అప్పుడు జరిగింది. అది నా కళ్ళతో నేను చూశాను.

అందరూ ఒక్కసారి దిగడానికి తోసుకున్నారు. చిన్ని నిద్రపోయింది. దాన్ని భుజాన వేసుకుని, ముందు దీన్ని ఒడ్డున ఎవరికైనా అప్పగించి వస్తాను, మీరు కూర్చోండి అని అత్తగారికి చెప్పి నేను దిగాను. ఒడ్డున భీమవరం కోడలికి పిల్లని అందించి వెనక్కి తిరిగాను. అత్తగారు అప్పటికే బల్ల మధ్యలో ఉన్నారు.

సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఇంకో బోటు వేగంగా వచ్చింది. అలకి మా బోటు వెనక్కి జరిగింది. బోటు వైపు బల్ల చివర అంచు మీద నుంచి జారడం నాకు కనిపించింది. ఎవరో అరిచారు. నేను పరిగెత్తాను కానీ కాళ్ళు ఇసకలో కూరుకుపోతున్నాయి.

అత్తగారు ఆగలేదు, కంగారు పడలేదు. ఆవిడ కుడిచెయ్యి ముందుకి చాపి, భుజం ఎత్తులో ఉంది. బరువంతా ఆ చేతి మీద వేసినట్టు కొంచెం ఒరిగి నడుస్తున్నారు. అలా ఒరిగిన మనిషి ఏ ఆధారమూ లేకుండా నిలబడడం కుదరదు. ఆవిడ మణికట్టు సన్నం. బంగారు గాజులు ఎప్పుడూ అరచేతి దాకా జారిపోతుంటాయి, నేనే రోజూ పైకి తోస్తుంటాను. ఆ రెండు గాజులూ మోచేతి వైపు జరిగి, అక్కడే బిగుసుకుని ఉన్నాయి. ఎవరైనా మణికట్టు పట్టుకుంటే ఎలా ఉంటాయో అలా.

ఆవిడ ఒడ్డు మీద కాలు పెట్టారు. వెనక బల్ల నీళ్ళలో పడింది. చెయ్యి కిందకి దించగానే గాజులు గలగలమని అరచేతి మీదకి జారిపోయాయి.

ఆవిడ పక్కకి తిరిగి, ఎవరూ లేని చోటికి, "వస్తాను నూకయ్యా" అన్నారు. మామూలుగా, రేవులో దిగి ఇంటికి వెళ్ళేవాళ్ళు చెప్పినట్టే.

తర్వాత నేను చెయ్యగలిగిన విచారణ అంతా చేశాను. బోటు డ్రైవరుని అడిగాను. ఆ రోజు పనిలోకి రావలసిన ఒకతను రాలేదని, అందుకే బల్ల దగ్గర ఎవరినీ పెట్టలేకపోయానని చెప్పాడు. తణుకు పెద్దాయన కొడుకు ఫోన్ నంబరు తీసుకుని ఆ వీడియో అడిగాను. పంపించాడు. అందులో పెద్దాయన చెయ్యి చాపుకుని నడుస్తున్నారు. ఎదురుగా ఎవరూ లేరు. ముసలివాళ్ళు తూలిపోకుండా అలా చెయ్యి చాపుతారని ఎవరైనా అంటే కాదనలేను. పెద్దాయనతో కూడా మాట్లాడాను. ఆయన అంతకుముందు గోదావరి మీద ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు. నూకయ్య పేరు వినలేదు. తువ్వాలు, లుంగీ అని మాత్రం మళ్ళీ అదే చెప్పారు. అరచెయ్యి బాగా గరుగ్గా ఉందని, తాళ్ళు లాగే వాళ్ళ చెయ్యిలా ఉందని అన్నారు.

కొన్ని నెలల తర్వాత చిన్నిని అడిగాను. దానికి బోటు, పాటలు, పులిహోర గుర్తున్నాయి. తాత ఎవరని నన్నే అడిగింది.

అత్తగారు ఇప్పటికీ బాగానే ఉన్నారు. మళ్ళీ బోటు ఎక్కుదామని ఎప్పుడూ అడగలేదు. ఒకసారి కొట్టులో ఎవరూ లేనప్పుడు నేనే అడిగాను, అక్కడ నాకెందుకు ఏమీ కనపడలేదని.

"నీకింకా వయసు రాలేదు అమ్మాయ్" అన్నారు. ఓదార్చినట్టే అన్నారు.

జరిగింది ఏమిటో నాకు తెలియదు. అల, బల్ల, అదృష్టం అని సరిపెట్టుకోబోతే ఆ గాజులు అడ్డం వస్తాయి. ఇంకోలా అనుకోబోతే నా బుద్ధి ఒప్పుకోదు. ఎటూ తేల్చుకోలేక అలాగే ఉంచాను.

మొన్న కాకినాడ వెళ్ళే బస్సులో ఒక కాలేజీ అమ్మాయి లేచి, కూర్చోండమ్మా అని నాకు సీటు ఇచ్చింది. నాకలా ఎవరైనా లేవడం అదే మొదటిసారి. ఇదివరకైతే మనసు చివుక్కుమనేదేమో. థాంక్స్ చెప్పి, కిటికీ పక్కన హాయిగా కూర్చున్నాను.