పెద్దమ్మ సాపే అన్న దారులు

మా పెద్దమ్మ పోయిందన్న కబురు ఫోన్లో వచ్చింది. చోడి కోతలకని పెదబయలు అవతల తన ఊరికి వెళ్లింది. మూడు రోజులు జ్వరం కాసి పోయింది. "అమ్మ పోయింది, బేగి రా" అన్నాడు ఆమె కొడుకు, మా అన్న. ఎలా రావాలో నాకు తోచలేదు. పన్నెండేళ్లుగా నన్ను ఎక్కడికైనా తీసుకెళ్లేది పెద్దమ్మే. ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

పద్దెనిమిదేళ్లప్పుడు సిల్వర్ ఓక్ చెట్టెక్కి మిరియాలు కోస్తూ కింద పడ్డాను. నడుం దిగువంతా చచ్చుబడింది. తల్లి లేనిదాన్ని. కంప్యూటర్ పని దొరికి లోయలోని టౌనుకి వస్తే, చెల్లెలి కూతుర్ని ఒంటరిగా వదలనంటూ పెద్దమ్మ నా వెనకే వచ్చేసింది. అప్పట్నుంచీ నా చక్రాల కుర్చీ పిడులు ఆమె చేతుల్లోనే ఉన్నాయి.

చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టేది. నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చేది, అది నోట్లో ఉండగానే కబుర్లు చెప్పేది. "కాఫీ పళ్ల బస్తా కంటే నువ్వే తేలికే గుంటా" అని ఎగతాళి చేసేది. చెట్టు మీంచి పడ్డాక దిగుడు చూస్తే నాకు గుండె జారిపోతుంది. కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. "ఇదేటి దిగుడు? సాపే. కళ్లు తెరు" అనేది. చదునుగా ఉందని చెప్పడం. నేను తెరిచేదాన్ని. కొండలు కనిపించేవి, పెద్దమ్మ ఎవర్నో తిడుతూ ఉండేది, ఈలోగా దారి అయిపోయేది.

నడవలేనివాళ్లకి నగరంలో దారి చూపించే యాప్ ఒకటుంది. ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ ర్యాంపుంది, వాలు ఎంత, అన్నీ వాడేవాళ్లే అందులో పెడతారు. ఒంటరిగా వెళ్లగలిగిన దారి పచ్చగా కనిపిస్తుంది, వెళ్లలేనిది ఎర్రగా. విశాఖ ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా మాకు అదే దిక్కు. మా టౌన్ని కూడా అందులో పెడదామన్నాను. రెండు చలికాలాలు సాయంత్రం పూట తిరిగాం. పెద్దమ్మ తోసేది, నేను నొక్కేదాన్ని. వాలు ఎంతని ఫోను అడిగితే నేను పెద్దమ్మని అడిగేదాన్ని.

"సాపే. రాసీ."

"ఫోను ఇంకోలా చూపిస్తోంది పెద్దమ్మా."

"నీ ఫోను ఎప్పుడైనా కొండెక్కిందేటి? నన్నడుగు."

టౌనంతా పచ్చబడింది. నాకు ఎంత గర్వమో.

అన్న పంపిన జీపులో వెళ్లి, దినం అయిపోయాక టౌనుకి తిరిగి వచ్చాను. ఎన్నాళ్లని గదిలో కూర్చుంటాను? ఒక ఉదయం యాప్ పెట్టుకుని ఒంటరిగా బయల్దేరాను. చర్చి పక్క దిగుడు పచ్చగానే ఉంది. మేం పెట్టిందే. నాలుగు గజాలు దిగానో లేదో చక్రాలు నా మాట వినడం మానేశాయి. అరచేతులు కాలిపోయాయి. టీ కొట్టు ఆమె పరుగెత్తుకొచ్చి కుర్చీకి అడ్డంగా నిలబడకపోతే ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు.

"ఒక్కదానివి ఇలా దిగిపోతన్నావేటమ్మా? మీ పెద్దమ్మ నిన్ను వెనక్కి తిప్పి కదా దించేది" అంది ఆమె.

అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ దిగేటప్పుడు ఎప్పుడూ నాకు ఎగువనున్న చర్చే కనిపించేది. పెద్దమ్మ కుర్చీని వెనక్కి తిప్పి, బరువంతా తన మీద వేసుకుని, వెనకడుగులేస్తూ దించేది. దారి సాపే అయితే నన్ను తిప్పడమెందుకు? నేను భయపడకూడదని అబద్ధం చెప్పింది తల్లి. ఆ అబద్ధం పుణ్యమే, ఈ పన్నెండేళ్లూ నేను నలుగురిలో తిరిగాను. దాన్నే తీసుకెళ్లి ముక్కూ మొహం తెలియనివాళ్లందరికీ నిజమని రాసిపెట్టాను. మా కొండకి ఏ పాపమూ లేదు, తప్పు నాది.

ఆ వారమే యాప్‌లో విశాఖ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది. ఆమెదీ చక్రాల కుర్చీయే. "మీరు పెట్టిన దారులు చూసి ధైర్యం వచ్చింది. ఆదివారం రైలుకి ఒక్కదాన్నే వస్తున్నాను" అని. నేను చూసేసరికే ఆదివారం తెల్లారింది. రావద్దు, ఆ దారులు నమ్మొద్దని రాశాను. అందలేదు. రైలు అప్పటికే ఘాట్ ఎక్కేసింది, సొరంగాల్లో సిగ్నల్ ఉండదు.

ఒక్కో దారీ తలుచుకుంటూ దిద్దడం మొదలుపెట్టాను. దిగేటప్పుడు నాకు ఎగువ కనిపించిన చోటల్లా ఎరుపు పెట్టాను. సంతగట్టు, పాత బస్టాపు, కొళాయి సందు. పెద్దమ్మ మాట ఒక్కోటీ కొట్టేస్తూ పోయాను. స్టేషన్ నుంచి బజారుకి దిగే సందు దగ్గర ఆగిపోయాను. రైలు దిగిన ఆ విశాఖ ఆవిడని యాప్ ముందు తీసుకెళ్లేది అటే. అక్కడ పెద్దమ్మ నన్ను తిప్పిందో లేదో గుర్తు రాలేదు. ఆ రోజు ఆమె చెప్పిన ఏదో మాటకి కడుపుబ్బా నవ్వుతున్నాను, అంతే గుర్తుంది. దానికీ ఎరుపు పెట్టాను గానీ, పాత పచ్చ గీత ఆవిడ ఫోన్లో ఉండిపోతే?

ఆటోవాడిని బతిమాలి స్టేషన్‌కి వెళ్లాను. సందు పైన కుర్చీ ఆపి కిందికి చూశాను. ఎంత వాలో నా కళ్లతో నేను తేల్చుకోలేకపోయాను. అది ఎవరైనా నాకు చెప్పాలి, ఆ చెప్పే మనిషి లేదు. కుర్చీని సందుకి అడ్డంగా పెట్టి బ్రేకులు వేశాను.

రైలు వచ్చింది. జనం సంచులతో నన్ను ఒరుసుకుని దిగుతున్నారు. "దారికి అడ్డంగా ఏటమ్మా ఇది" అని ఒకాయన విసుక్కున్నాడు. నేను కదల్లేదు. ఎదురుగా అన్నీ కాళ్లే. వాటి మధ్య రెండు చక్రాల కోసం వెతుకుతూ కూర్చున్నాను.