పసుపు కింద సుత్తి దెబ్బలు

గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయల లారీ నడిపే మస్తానయ్య, చెల్లెలి పెళ్లికి వెళ్తూ బండిని స్నేహితుడు పద్మనాభయ్య చేతికి అప్పగించాడు. తిరిగొచ్చేసరికి ముందు చక్రాలకూ ఇరుసుకూ దట్టంగా పసుపు పూసి, బంపరుకు నిమ్మకాయల దండ కట్టి ఉంది.

"నువ్వు లేవు గదన్నా, శుక్రవారం పూజ నేనే చేసినా," అన్నాడు పద్మనాభయ్య. మస్తానయ్య మురిసిపోయాడు.

ఇద్దరూ బయలుదేరారు. స్టీరింగు మీద పట్టు కాస్త సడలిస్తే చాలు, బండి ఎడమకే పోతోంది. సూళ్లూరుపేట దగ్గర ఆపి చూస్తే టైర్లలో గాలి సమంగానే ఉంది. జాకీతో ఎత్తి తిప్పితే చక్రం తేలిగ్గా తిరిగింది, బ్రేకు పట్టేయలేదు. చివరికి మస్తానయ్య ఇరుసు మీద నీళ్లు పోసి పసుపు కడిగాడు. ఎడమవైపు కొత్త సుత్తి దెబ్బలు బయటపడ్డాయి. వంగిన ఇరుసును ఎవరో కొట్టి సరిచేయబోయినట్టుంది, సరిగా రాలేదు.

"దేనికి గుద్దినావు?"

"మైలురాయికి, అన్నా. తిడతావని చెప్పలా."

"తిట్టేవాణ్ణే. దేవుడి పసుపుతో దాచి, నన్ను దీని మీద కూర్చోబెట్టినావే."

ఇరుసు మార్చాక బండి తిన్నగా నడిచింది. కానీ ఆ తరువాత ఎవరు పూజ చేసినా, ఆ పసుపు కడిగి చూసుకోనిదే మస్తానయ్య బండెక్కలేదు.