నీలం తలుపు మీద ఇంటూ గుర్తు

వలస వెళ్లినవాళ్లకు సర్కారు సాయం ఎందుకు అందదో తేల్చడం నా పరిశోధన. ఆ పని చేస్తూనే ఒక మనిషికి అందుతున్న సాయాన్ని నేనే తెంచాను. నన్ను ఎవరైనా సభల్లో పొగుడుతుంటే లేచి ఈ మాట చెప్పాలనిపిస్తుంది. చెప్పను. అంత ధైర్యం లేదు.

నేను పుట్టింది గిద్దలూరులో. సోషల్ వర్క్ చదివి, మళ్లీ ఈ పల్లెలకే ఫారాలు పట్టుకుని వచ్చాను. కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఆడవాళ్ల కోసం వెతుకుతున్నాను. మార్కాపురం నుంచి బస్సులో గంట దూరంలో ఒక పల్లెలో అలాంటి ఇళ్లు ఏడెనిమిది ఉన్నాయన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు నాకు కాలేజీలో పాఠాలు. అందుకని మంగళ, గురు, శనివారాల్లోనే ఆ ఊరికి వెళ్లేదాన్ని.

చర్చి వెనక వీధిలో ఉంది ఆ నీలం తలుపు ఇల్లు. మంగళవారం తాళం. గురువారం తాళం. శనివారం కూడా తాళమే. ఇరుగుపొరుగంతా పత్తి తీయడానికి పోయారు. అడగాలంటే పొద్దుగూకేదాకా ఆగాలి, నా బస్సేమో నాలుగున్నరకు. విసుగొచ్చింది. మార్కర్ పెన్ను తీసి తలుపు మీద పెద్ద ఇంటూ గుర్తు పెట్టాను. ఫారంలో ‘ఊళ్లో లేరు, వలస’ అని రాసేశాను.

ఆ ఊరి సచివాలయంలో ఒక ఉద్యోగి ఉండేవాడు. మొదటిరోజు నాకు వీధులన్నీ చూపించింది అతనే. “ఊళ్లో లేనోళ్ల రేషన్, వైద్యం కార్డులు తీసేయమంటున్నారు మేడం. మీ లిస్టు ఇస్తే మాకు తిరుగుడు తప్పుద్ది” అన్నాడు. నా కాగితానికి ఇంత విలువ ఉందా అని లోలోపల పొంగిపోయాను. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే హాయిగా నిద్రపోయాను కూడా.

నాలుగు నెలల తర్వాత ఇంకో ఇంటి పని మీద ఆ వీధికి వెళ్లాను. నీలం తలుపు ముందు షామియానా వేసి ఉంది. పోయినవాళ్ల ఇంట్లో ప్రార్థన చేసే ఆదరణ కూడిక అప్పుడే ముగిసినట్టుంది, జనం లేస్తున్నారు. కుర్చీలో ఒకామె ఫోటో. మహా ఉంటే నలభై ఏళ్లుంటాయి. పోయిన మనిషి ఆడబిడ్డ నా బ్యాగు చూసి దగ్గరికొచ్చింది.

“ఫారాలు రాసుకునే మేడం నువ్వేనా అమ్మా?”

నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆమే అంతా చెప్పింది. “కువైట్‌లోనే కిడ్నీలు పోయినాయి మా వదినకు. ఈడికొచ్చినాక కార్డు మీద ఊరికే డయాలసిస్ చేస్తాండ్రి. మంగళారం, గురువారం, శనారం. తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక వచ్చేది.”

ఆ మూడు వారాల పేర్లు వినగానే కప్పు కింద పెట్టేశాను.

“ఉన్నట్టుండి కార్డు పనిచేయదన్నారు. ఊళ్లో లేదని రాసినారంట! వారానికి మూడుసార్లు పోయేదాన్ని ఒకటికి దించినాం. ఒళ్లంతా ఉబ్బిపోయింది. మళ్లా కార్డు కోసం ఎన్నిసార్లు తిరిగినామో. కళ్ల ముందర ఉండే మనిషిని లేదని ఎట్ల రాసినారమ్మా? నువ్వు చదువుకున్నదానివి, కొంచెం కనుక్కో.”

“కనుక్కుంటా అక్కా” అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకొకటి ఆడలేదు.

ఆమె నా చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకుపోయింది. క్రిస్మస్‌కు వేసిన కొత్త రంగు తళతళలాడుతోంది. నడుమ మాత్రం పళ్లెమంత మేర పాత రంగు అట్లే ఉంది. అందులో నల్లగా నా ఇంటూ గుర్తు.

“దీని మీద రంగు పడనీలేదమ్మా మా వదిన. ‘ఎవరో మేడం పెట్టిపోయింది, కువైట్ పోయొచ్చినోళ్లకు ఏందో సాయం చేస్తారంట, మళ్లా వస్తే మన ఇల్లు గుర్తుపట్టాల గదా’ అనేది. పోయేదాకా నీకోసమే చూసింది.”

ఆ గుర్తుకు నా ఫారంలో ఒకటే అర్థం. ఈ ఇంటికి మళ్లీ రానక్కర్లేదని.