లేఅవుట్‌లో లేని చోటు

నాయన ఎండదెబ్బకు పోయాడు, మార్కాపురం శివార్లో మేముండే కాలనీ పక్కనే, ఎవరిదో ఇంటి పని దగ్గర. శవాన్ని ఇంటికి తెచ్చాక అమ్మ ఒకటే అడిగింది. "దగ్గర్లో పెట్టండమ్మా. సమాధుల పండక్కి నేను నడిచిపోయి కొవ్వొత్తి ఎలిగించుకునేట్టు ఉండాల."

అదేమంత పెద్ద కోరిక? కానీ మా కాలనీలో సగానికి సగం బోర్లు ఎండిపోయిన ఊళ్ల నుంచి వచ్చి పడ్డవాళ్లమే. మా కోసం గీసిన లేఅవుట్‌లో రోడ్లున్నాయి, వాటర్ ట్యాంకుకు స్థలముంది, ఎప్పటికీ రాని పార్కు కూడా ఉంది. శ్మశానం మాత్రం లేదు. దాన్ని గీసిన మహానుభావులు మాకు చావే రాదనుకున్నారో ఏమో! ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

టౌన్‌లో పాత చర్చి పెద్ద దగ్గరికి పరుగెత్తాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మా సంఘపోళ్లకే చోటు చాలడం లేదు తల్లీ. మీరు యాడ నుంచి వచ్చినారో ఆడికే తీసకపోండి."

ఎండాకాలం, శవం ఆగదు. ట్రాలీ ఆటోలో ఎక్కించి, కనిగిరి దాటి పామూరు దారిలో ఉన్న మా ఊరికి బయలుదేరాం. గుంత తీయడానికి అక్కడ మనుషులు మిగల్లేదని, కాలనీవాళ్లే గడ్డపారలు పట్టుకుని వెంట వచ్చారు.

నేల గడ్డపారకు లొంగలేదు. తడిపితే గాని దిగదు, తడపడానికి ఊళ్లో చుక్క నీళ్లు లేవు. తాగడానికి తెచ్చుకున్న క్యాన్లు వంచి పోశాం. నీళ్లు లేకనే ఈ ఊరు వదిలిన మనిషికి, ఆ నీళ్లు చివరికి ఇట్లా దక్కాయి. అంతసేపూ రాని ఏడుపు నాకప్పుడు వచ్చింది.

ప్రార్థన అయ్యాక అమ్మ ఆటో ఎక్కనంది.

"ఒక్కణ్ణే ఇడిసిపెట్టి పోతన్నాం గదే. ఇంత దూరం మళ్లీ నన్నెవురు తెస్తారు?"

నేను ఖాళీ క్యాన్లు ఏరి ఆటోలో పెట్టాను.

మాతో వచ్చిన పక్కింటి ముసలామె అమ్మ పక్కన చతికిలబడింది. ఆమెది గిద్దలూరు వైపు. జనం వెళ్లిపోయాక వాళ్ల ఊరి సమాధుల స్థలాన్ని ఎవరో కంచె వేసి తమ పొలంలో కలిపేసుకున్నారు. ముసలామె కొత్త మట్టిని చూసి, అమ్మను మెల్లిగా అడిగింది.

"చెల్లే, మీ ఊర్లో నాక్కూడా ఇంత చోటిస్తారా?"

అమ్మ తాళాలు వేసిన ఇళ్ల వైపు చూసింది.

"ఇచ్చేదానికి ఎవురున్నారక్కా? ఊరంతా చోటే."