మ్యూట్ చెయ్యడం మరిచిన గొంతు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది బ్యాంకు పుస్తకంలోనూ కరెంటు బిల్లు మీదా తప్ప ఇంకెక్కడా వినపడదు. కూరగాయలమ్మే ఆమె నుంచి పళ్ల డాక్టరు దాకా అందరికీ ఆయన ఆగాగన్నే. పన్ను పీకబోతూ కూడా ఆ డాక్టరు మహానుభావుడు, "ఆగాగన్నా, నోరు బాగా తెరువు" అన్నాడు. నోరు తెరిచి ఉంది గనక సరిపోయింది గానీ, లేకపోతే ఆ రోజు డాక్టరు రెండు మంచి మాటలు వినేవాడు.

ఇరవై రెండేళ్లుగా ఆయన చేసేది పాటలకు కొత్త దరువు కట్టడం, వాటిని క్లబ్బులో వేసి జనాన్ని ఎగిరించడం. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఓ పాతికమంది ఉంటారు. అందులో పేరొచ్చింది ఈయనకే. అదీ ఒకే ఒక్క పాటతో, అదీ ఒక పొరపాటు వల్ల.

అప్పుడు ఆయనకు ఇరవై మూడేళ్లు. టైలరు షాపు పైగదిలో అద్దెకుండేవాడు. ఒక పాత నెమ్మది పాట పట్టుకుని రీమిక్స్ చేస్తున్నాడు. ఈ పనిలో ఒక పద్ధతుంది. గొంతు ఎక్కడ రావాలో తెలియడం కోసం ముందు ఎవరిచేతనైనా ఊరికే పాడించి పెట్టుకుంటారు. దాన్ని గుర్తుపాట అనుకోండి. పని ముగిశాక దాన్ని మ్యూట్ చేసి, అసలు గాయని గొంతు ఉంచుతారు. ఆ గుర్తుపాట కోసం ఆయన కింద కాజాలు కుట్టుకుంటున్న టైలరుగారి అమ్మాయిని పిలిచాడు. ఆ పిల్ల రెండో చరణంలో తప్పింది. "అయ్యో, ఆగాగు, మళ్ళీ పాడతా" అని పకపకా నవ్వింది.

మర్నాడు క్లబ్బుకు పాట ఇవ్వాలి. రెండు రాత్రులు నిద్ర లేని కళ్లతో కూర్చున్నాడు, మ్యూట్ నొక్కడం మరిచిపోయాడు. మొత్తం పాటలో దరువు ఠక్కున ఆగి మళ్ళీ అందుకునే చోటొకటి ఉంది. సరిగ్గా ఆ ఖాళీలో ఆ పిల్ల మాటా నవ్వూ అలాగే ఉండిపోయాయి. క్లబ్బులో అది వినపడగానే ఆయనకు చెమటలు పట్టాయి. పరువు గంగలో కలిసిందనుకున్నాడు. జనం మాత్రం వెర్రెత్తిపోయారు. "ఆగాగు" అని ఆ అమ్మాయి అనగానే నిలబడిపోవడం, నవ్వగానే ఎగరడం! ఆ వారంలో ఆ పాట ఆటోల్లో, జిమ్ముల్లో, క్షౌరశాలల్లో, ఎక్కడ పడితే అక్కడే.

ఆ పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. "పాటా నీదే, పేరూ నీదే, తప్పు మాత్రం నాది! భలే వరసయ్యా" అని ఆవిడ ఏళ్ల తరబడి ఆయన్ని ఏడిపించింది. ఆవిడ వాగుడుకాయ. వంటింట్లోంచి మాట్లాడితే వీధి గుమ్మం దాకా వినపడేది. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటుంటే వచ్చి వెనక నుంచి ఒక చెవి ఎత్తి, చెప్పాల్సింది చెప్పి, మళ్ళీ మూసి వెళ్లేది.

క్లబ్బు ఒక హోటలు నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. పాటలు వేసేవాడికి ఒక మూల అద్దాల గది, అందులో ఒక మనిషి నిలబడితే ఇంకొకరు పక్కకి తిరగడానికి చోటుండదు. ఇరవై రెండేళ్లు ఆయన అక్కడే నిలబడ్డాడు. వేరే పాటలు చెయ్యలేదా అంటే చేశాడు, పాపం. ఒకదాని మీద ఎనిమిది నెలలు ప్రాణం పెట్టాడు. అది వేసిన రోజున జనం మర్యాదగా మంచినీళ్లు తాగడానికి వెళ్లారు. నీళ్లు తాగొచ్చి అద్దం మీద వేళ్లతో కొట్టారు, "అన్నా, ఆగాగు!" అని. వెయ్యకపోతే వదలరు. వేస్తే మళ్ళీ వెయ్యమంటారు. ఊరు మారదామని ఒకసారి ఇంకో ఊరి క్లబ్బుకు వెళ్లాడు. వాళ్లు గుమ్మం మీద పోస్టరు అంటించారు, దాని మీద ఆ ఒక్క మాటే పెద్దక్షరాల్లో ఉంది. నాలుగు నెలలకు తిరిగొచ్చేశాడు.

అయినా ఇన్నాళ్లూ అది విసుగే. పళ్లు కొరుక్కుని భరించగలిగిన విసుగు. పోయినేడాది ఆవిడ గొంతులో గడ్డ లేచింది. కోయక తప్పదన్నారు డాక్టర్లు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఏదైనా చెప్పాలంటే ఫోనులో టైపు చేస్తుంది, ఫోను చదువుతుంది. ఆ ఫోను గొంతుకు కోపం లేదు, వెటకారం లేదు. "నీ మొహం" అన్నా రైలు వేళలు చెప్పినట్టే చెబుతుంది.

ఆయన తన డిస్కులన్నీ వెతికాడు. వేల దరువులున్నాయి, తలుపు చప్పుళ్లు కూడా ఉన్నాయి. భార్య గొంతు లేదు. తర్వాత కూడా ఎన్నో గుర్తుపాటలు పాడింది ఆవిడ. పని ముగియగానే చెత్త ఉంచకూడదని తన చేత్తోనే చెరిపేశాడు. ఫోను వీడియోలు రెండు మూడున్నాయి గానీ వాటిలో ఫాను రొద కింద మాట నలిగిపోయింది. శుభ్రంగా వినపడేది ఆ పాటలోని నాలుగు క్షణాలే.

ఆపరేషనయ్యాక మూడు వారాలకు పనిలోకి వెళ్లాడు. అద్దం మీద వేళ్లు పడ్డాయి. పాట వేశాడు. మనిషెత్తు స్పీకర్లలోంచి ఆవిడ "అయ్యో, ఆగాగు" అంది, నవ్వింది. నాలుగు వందల మంది ఆవిడకు బదులిస్తూ అరిచారు. ఆయన పాట అలా నడుస్తుండగానే హోటలు వంటగది వెనక్కి పోయి, గిన్నెలు కడిగే చోట నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ పాట ముగిసే లోపు మళ్ళీ వచ్చి నిలబడాలి కదా, మొహం కడుక్కుని వచ్చాడు. రోజూ ఇదే. చనిపోయినవాళ్లనైతే ఏడాదికొకసారే తలుచుకుంటారు, బతికున్న మనిషి కోసం రోజూ ఈ ఏడుపేమిటని తనని తానే తిట్టుకునేవాడు.

"తమ్ముడూ, ఆ పాట ఒక్కటి నావల్ల కాదు. తీసెయ్" అని మేనేజరును పట్టుకున్నాడు.

"అన్నా, జనం వచ్చేదే దానికి. అది తీసేస్తే నేను తలుపులు తెరిచి ఏం చెయ్యాలి, ఈగలు తోలుకోవాలా?"

అయిదు నెలలు బతిమాలాడు. అలిగాడు. మానేస్తానన్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం మేనేజరు నెత్తి గోక్కుని, "సరే అన్నా, ఆదివారం నుంచి వద్దు. కొత్తది ఏదో నువ్వే చెయ్. నీకో దణ్ణం, ఇంక ఆ మొహం పెట్టకు" అన్నాడు.

ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఇంటికొచ్చాడు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూలబడి, "అయిపోయింది! ఆ పాట పీడ వదిలింది. ఇంక ఎవ్వడూ నీ గొంతుకు ఎగరడు. నీకోసం ఎంత కొట్లాడానో తెలుసా?" అన్నాడు.

ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. ఫోను తీసింది. చాలాసేపు టైపు చేసింది. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ఫోను వైపు పోయింది, శబ్దం తగ్గించడానికి. శబ్దాలతో బతికే మనిషి కదా, ఆ యంత్రం గొంతు ఆయన చెవికి పడదు. రోజూ తగ్గిస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆ చేతిని చూసింది. పట్టుకుని తోసేసింది. శబ్దం పూర్తిగా పెంచి నొక్కింది.

"నాకోసం కాదు, నీకోసం. నన్ను ఒక్క మాట అడిగావా? మొన్న ఆసుపత్రిలో మెడకు కసరత్తు చేయించే కుర్రాయన ఆ పాట కూనిరాగం తీస్తున్నాడు. అది నేనే అని సైగ చేశాను. ఇంకా గట్టిగా పాడమంటున్నానేమో అనుకున్నాడు. నవ్వొచ్చింది. అక్కడ నాలుగు వందల మంది నేను మాట్లాడగానే బదులు చెబుతారు. ఇక్కడ ఇది మాట్లాడితే నువ్వు నా మొహం వైపు కూడా చూడవు, దీని గొంతు నొక్కుతావు. నేను మాట్లాడే చోటు అదొక్కటే ఉంది. దాన్ని మూయించి వచ్చి, పండగ చేసుకుంటున్నావు."

ఫోను అంతా ఒకే స్వరంలో చదివింది. ఆవిడ మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది. ఆయనకు సిగ్గేసింది. ఆ సిగ్గు కింద కోపమూ వచ్చింది, నిజం దాచడమెందుకు. తన ఏడుపు సంగతి ఈవిడకేం తెలుసు, గిన్నెల దగ్గర నిలబడేది తను కదా అనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ మెడ మీది గుడ్డ ఊపిరికి లేచి పడుతుంటే చూసి మింగేశాడు.

"తప్పయిపోయింది" అన్నాడు. ఈసారి ఆవిడ మొహంలోకి చూసే అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆవిడ మొట్టమొదటిసారి క్లబ్బుకు వచ్చింది. ఇన్నేళ్లూ రమ్మంటే ఆ గోల నాకెందుకని రానే లేదు. ఎడమవైపు స్పీకరు పక్కన, గుడ్డ మీద శాలువా కప్పుకుని నిలబడింది. ఆవిడెవరో అక్కడ ఒక్కరికీ తెలియదు. మేనేజరు అద్దం గదిలోకి తల పెట్టి, వెయ్యబోయేది ఆ పాటేనని చూసి, "ఏంటన్నా ఇది? వద్దని నా ప్రాణం తీశావు కదా?" అన్నాడు. ఆయన పాట వేశాడు.

దరువు ఆగింది. "అయ్యో, ఆగాగు, మళ్ళీ పాడతా." హాలంతా అరిచింది. ఆవిడ పెదవులు కూడా కదిలాయి, ఒక్క అక్షరం తప్పకుండా. తర్వాత తల వెనక్కి వంచి నవ్వింది. ఆ నవ్వుకు స్పీకర్లలోంచి చప్పుడొచ్చింది.

ఆయన అద్దం వెనక రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. వంటగది వైపు పోవడానికి వీల్లేదు, ఆవిడ ఇటే చూస్తోంది. ఇంకొక్కసారి అని వేలెత్తి చూపించింది.

ఇకమీదట ఈ గదిలోంచి తనకు విడుదల లేదని ఆయనకు తెలిసిపోయింది. పాట మొదటికి తిప్పి మళ్ళీ నొక్కాడు.