అంబుబాయి కుట్టిన చివరి బొంత

నీలం నగర్‌లో అంబుబాయి బొంతలు తెలియనివాళ్లు లేరు. పొద్దంతా బీడీలు చుట్టి, తంబాకు మరకలు పోని ఆ వేళ్లతోనే సాయంత్రం సూది పట్టేది. పక్కింటి దోస్తు లచ్చుబాయి వచ్చి గడపలో కూర్చుంటే గానీ మొదటి కుట్టు పడేది కాదు. ఇద్దరూ చిన్నపిల్లల్లా గవ్వలు వేసేవారు. గెలిచినామె చెప్పిన రంగు ముక్కే బొంతకు ఎక్కాలి. లచ్చుబాయి దొంగాట ఆడి మరీ గెలిచి, "ఎర్ర పక్కకు పచ్చ పెట్టు అంబూ, చూసినోళ్ల కండ్లు తిరగాలె!" అని పగలబడి నవ్వేది. ఆ నవ్వుల్లోంచే చిలకలు, తేళ్లు, రిక్షాలు బొంతల మీదికి వచ్చేవి.

మొన్న చలికాలంలో లచ్చుబాయి దగ్గు ముదిరి చనిపోయింది. పెద్దకర్మ అయినాక ఆమె కోడలు ఋతుజ చీరల మూట తెచ్చి, పిన్నిని పిలిచే మరాఠీ మాటతో అడిగింది. "మావశీ, అత్తమ్మ చీరలతోని పాపకు బొంత కుట్టియ్యవా?" అంబుబాయి కాదనలేకపోయింది. ముక్కలు కత్తిరించింది, పరిచింది, మళ్లీ తీసేసింది. నెల గడిచినా చెయ్యి ఆడలేదు. ఆఖరికి అన్నిటినీ వరసగా పేర్చి కుట్టి ఇచ్చింది.

"మస్తు సక్కగొచ్చింది, మావశీ," అంది ఋతుజ.

"మీ అత్త ఉంటె గింత సక్కగ రానియ్యకపోతుండె, బిడ్డా," అని అంబుబాయి కొంగుతో మొహం కప్పుకుంది.